సూర్యుడు ఓనరుగారి మనిషి

కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో సూర్యుణ్ణి ప్రజలకు పంచిపెట్టింది. పథకం పేరు పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజన. కేటాయింపు 75,021 కోట్ల రూపాయలు. కోటి ఇళ్లు, నెలకు 300 యూనిట్ల దాకా ఉచిత కరెంటు. ప్రచార బొమ్మల్లో డాబా ఇల్లు, దాని మీద నీలి పలకలు, కింద నవ్వుతున్న కుటుంబం. ఆ కుటుంబం అంతగా ఎందుకు నవ్వుతోందో అర్హతల జాబితా చదివితేనే తెలుస్తుంది. దరఖాస్తుదారు భారత పౌరుడై ఉండాలి. ఆపైన, ప్యానెళ్లు పెట్టుకోవడానికి వీలైన కప్పుతో సొంత ఇల్లు ఉండాలి.

పొద్దున ఆరింటికి కుల, మత, ప్రాంత భేదాలు లేకుండా ఉదయించే సూర్యుడు ఎనిమిదయ్యేసరికి సేల్‌డీడ్ చూపించమంటాడన్నమాట.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని పట్టణ కుటుంబాల్లో నూటికి 27కు పైగా అద్దె ఇళ్లలోనే ఉన్నాయి. ఫ్లాటు సొంతమైనా నెత్తిన డాబాకు బదులు పైఫ్లోరు వాళ్ల బాత్రూమ్ ఉన్నవాళ్లు ఈ లెక్కలోకి రారు. ‘ఇంటింటా సౌర వెలుగు’ అనే మాటలో ఒక ‘ఇంటి’కి వీళ్లు అద్దె కడుతున్నారు, రెండో ‘ఇంటి’కి ఈఎంఐ కడుతున్నారు. వెలుగు మాత్రం మూడో ఇంటికి పోతోంది.

అద్దెవాడు తెగించి ఓనరును అడిగాడనుకుందాం. ఓనరుగారి జవాబు సిద్ధంగానే ఉంటుంది. “పెట్టుబడి నాది, బిల్లు తగ్గేది మీది. మధ్యలో నాకేంటండీ?” ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. అద్దెవాడు తన డబ్బే పెడదామంటే ఇంకో చిక్కు. ప్యానెల్ ఆయుష్షు పాతికేళ్లు, అగ్రిమెంటు ఆయుష్షు పదకొండు నెలలు. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని 1908 నాటి చట్టం చెబుతుంది కాబట్టి దేశమంతా పదకొండు నెలల లెక్కన బతుకుతోంది. పైగా మీటరు ఓనరు పేరు మీదో, ఎప్పుడో కాలం చేసిన ఓనరు తండ్రిగారి పేరు మీదో ఉంటుంది. పదేళ్లుగా బిల్లు కడుతున్న మనిషి విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) రికార్డుల్లో లేడు. స్వర్గస్థులైన పెద్దాయన మాత్రం ఇప్పటికీ గౌరవనీయ వినియోగదారుడే.

ఓనరుగారికే బుద్ధి పుట్టి ప్యానెళ్లు వేయించారా, అదింకో వేడుక. మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఆయన ఖాతాలో పడుతుంది. తగ్గిన బిల్లు ఆయన చేతికొస్తుంది. కింది పోర్షన్ల సబ్‌మీటర్లకు యూనిట్ రేటు మాత్రం పాతదే. సూర్యుడు ఫ్రీగా ఇచ్చిన యూనిట్‌ను కింది వాటాకు చేరేలోపు ధర కట్టి అమ్మగల నేర్పు ఏ విద్యుత్ సంస్థకూ లేదు.

ఇక అపార్ట్‌మెంట్ల సంగతి. ఆదివారం పొద్దున సెల్లార్లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఎజెండాలో మూడో అంశం సోలార్. “ప్యానెళ్లు పరిస్తే వడియాలు ఎక్కడ ఎండబెట్టుకోవాలి?” అన్నారు రెండో ఫ్లోరు వారు. ఆవిడ వడియాలు ఎండబెట్టడం చివరిసారి ఎప్పుడు చూశారో ఎవరికీ గుర్తులేదు. “ఈశాన్యంలో బరువు పనికిరాదు” అన్నారు వాస్తు తెలిసిన ట్రెజరర్. ఇదే ఈశాన్యం మీద సెల్ టవర్ లేస్తున్నప్పుడు, నెలనెలా వచ్చే అద్దె చూసి వాస్తు పురుషుడు పక్కకు ఒత్తిగిలాడు. “మా స్లాబు మీదే ఎందుకు?” అన్నారు పైఫ్లోరు వారు. “మాకు వచ్చేదేంటి?” అన్నారు గ్రౌండ్ ఫ్లోరు వారు. అద్దెకున్నవాళ్లను మీటింగుకు పిలవలేదు. మెయింటెనెన్స్ ఐదో తారీఖు దాటకూడదన్న కబురు మాత్రం వాచ్‌మన్‌తో పంపారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారులు అధ్యక్ష, కార్యదర్శి, కోశాధికారి పదవులు పంచుకుని కూర్చున్నారు.

నిజానికి ఆ డాబా ఎవరి జాగీరూ కాదు. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం టెర్రస్‌లను ఉమ్మడి స్థలాల్లోనే చేర్చింది. బిల్డరుగారు దాన్ని ‘టెర్రస్ రైట్స్’ అని పెంట్‌హౌస్‌తో కలిపి అమ్మేస్తే, కొన్నవాళ్లు గేటుకు తాళం వేసుకుంటే, చట్టం మెట్ల దగ్గరే నిలబడి చూస్తుంటుంది.

ప్రభుత్వం అపార్ట్‌మెంట్లను పూర్తిగా మరిచిపోయిందనడం అన్యాయం. సొసైటీలకు కిలోవాట్‌కు 18,000 రూపాయల చొప్పున ఇస్తోంది. అయితే అది ఉమ్మడి వసతులకు. లిఫ్టు, మోటారు, కారిడార్ లైట్లు, కార్ల చార్జింగు. లిఫ్టు సూర్యరశ్మితో పైకి పోతుంది, అందులో ఎక్కినవాడు నాలుగో ఫ్లోరులో దిగి మామూలు బిల్లు కట్టుకుంటాడు. డాబా ఇంటివారికి మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000, అపార్ట్‌మెంటు వారికి 18,000. ఎండలోనూ శ్లాబు రేట్లే!

‘డాబా చిన్నది, ఫ్లాట్లు ఎక్కువ, ఏం చాలుతుంది?’ అనే పెద్దమనుషుల కోసం చిన్న లెక్క. ఐదంతస్తులు, ఇరవై ఫ్లాట్లు. ట్యాంకులు, లిఫ్టు గది పోను 2,400 చదరపు అడుగులు మిగిలాయనుకుందాం. కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగులు కావాలి, కిలోవాట్ రోజుకు నాలుగు యూనిట్లిస్తుంది. 24 కిలోవాట్లు, నెలకు 2,880 యూనిట్లు, ఫ్లాటుకు 144. మధ్యతరగతి ఇంటికి ఇది తక్కువేమీ కాదు. కోకాపేటలో నలభై అంతస్తుల టవరైతే అదే డాబాను 160 ఫ్లాట్లు పంచుకోవాలి. తలా 18 యూనిట్లు. ఫ్యాను తిరుగుతుంది, ఏసీ వెక్కిరిస్తుంది.

అలాంటి టవర్ల వారికీ దారి ఉంది, పేరు వర్చువల్ నెట్ మీటరింగ్. ప్లాంటును అదే డిస్కం పరిధిలో ఇంకోచోట పెడతారు. అక్కడ పుట్టిన యూనిట్లను వాటాల ప్రకారం ఎవరి బిల్లులో వారికి తగ్గిస్తారు. ఫ్లాటుకు వేరే వైరు అక్కర్లేదు, డాబా అక్కర్లేదు, వడియాల మీద చర్చ అసలే అక్కర్లేదు. ఢిల్లీ విద్యుత్ నియంత్రణ మండలి 2019లోనే దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ మండలి 2023 నిబంధనల్లో చేర్చింది. సూర్యఘర్ మార్గదర్శకాలు కూడా దీన్ని కాదనలేదు. నిబంధన పుస్తకంలో ఉంది, పోస్టర్లో లేదు. దీన్ని ప్రచారం చేయమని డిస్కంను అడగడమంటే, పై శ్లాబులో ఎక్కువ రేటు కట్టే ఖాతాదారుణ్ణి చేజేతులా సాగనంపమని అడగడమే.

ఎండ మనకంటే తక్కువగా కాసే జర్మనీ ఇంకో పని చేసింది. అక్కడ ప్యానెల్‌ను బాల్కనీ కటకటాలకు బిగించి ప్లగ్గు గోడకు పెడతారు. 2024లో అలాంటి ప్యానెళ్ల ఇన్వర్టర్ పరిమితిని 800 వాట్లకు పెంచారు. అదే ఏడాది అక్టోబరు నుంచి, సరైన కారణం లేకుండా అద్దెవాణ్ణి ఓనరు కాదనకూడదని చట్టం చేశారు. 2025 నడుమకల్లా అలాంటివి పది లక్షలకు పైగా నమోదయ్యాయి. మ్యూనిక్‌లో అద్దెకుండే తెలుగు ఇంజినీరు కాఫీ కలుపుకునేది తన బాల్కనీ కరెంటుతో కావచ్చు. కూకట్‌పల్లిలో ఉన్న అతని తమ్ముడు అదే పని చేయబోతే ముందు ఓనరు, తర్వాత అసోసియేషన్, ఆ తర్వాత లైన్‌మన్ వస్తారు. లైన్‌మన్ భయంలో న్యాయముంది. కరెంటు పోగానే తనంతట తాను ఆగిపోయే ఇన్వర్టర్ కాకపోతే స్తంభమెక్కిన మనిషి ప్రాణానికే ముప్పు. అలాంటి ఇన్వర్టర్‌కు ప్రమాణం రాయడం, మీటరు మార్చడం ఇంజినీర్లు చేయగల పని. మిగతా ఇద్దరి భయాలకు ఇంజినీరింగులో మందు లేదు.

అద్దెవాణ్ణి గుర్తుపట్టడం ప్రభుత్వాలకు చేతకాదా? తెలంగాణ 2024 ఫిబ్రవరిలోనే గృహజ్యోతి మొదలుపెట్టి 200 యూనిట్లలోపు వాడే రేషన్ కార్డు కుటుంబాలకు జీరో బిల్లు ఇచ్చింది. అద్దెకున్నవారికీ వర్తించింది. సేల్‌డీడ్ అడగలేదు, రేషన్ కార్డుకు మీటరు నంబరు జతచేస్తే సరిపోయింది. ఖజానా నుంచి ఇచ్చే కరెంటుకు చాలిన మీటరు నంబరు సూర్యుడి కరెంటుకు చాలకపోవడమే వింత. సబ్సిడీని కప్పుకు కాకుండా మీటరుకు కట్టి, ఆ వాటాను ఇల్లు మారినప్పుడు కొత్త మీటరుకు మార్చుకోనిస్తే సగం తగువు తీరిపోతుంది.

కరెంటు చార్జీల ప్రతిపాదనల మీద నియంత్రణ మండళ్లు బహిరంగ విచారణ జరుపుతాయి. ఈసారి ప్రకటన పడినప్పుడు అద్దెకున్నవారు, ఫ్లాట్లవారు వాటాను మీటరుకు కట్టాలన్న ఈ ఒక్క కోరికైనా రాసి పంపాలి. అక్కడ అభ్యంతరం చెప్పుకోవడానికి సొంత డాబా ఉండనక్కర్లేదు.