రెప్పపాటు

మా కంపెనీలో ఇరవై మందిమి. బెంగళూరులో ఒక పళ్ల డాక్టరు క్లినిక్ పైన రెండో అంతస్తు. ప్రాసెసర్ అంటే ఇంటెల్లే చేయాలనుకునే రోజులు పోయాయి. 2010లో బర్క్‌లీలో మొదలైన రిస్క్-ఫైవ్ అనే ప్రాసెసర్ డిజైన్ ప్రమాణాన్ని లైసెన్సు డబ్బులు కట్టకుండా ఎవరైనా వాడుకోవచ్చు గనక మాబోటివాళ్లకూ బతుకుదెరువు దొరికింది. మీటర్లలో, పంపుసెట్ల డబ్బాల్లో కూర్చునే బుల్లి చిప్పులు మావి. నా పని వెరిఫికేషన్. అంటే ఇంకొకరు వండబోయే బియ్యంలో రాళ్లేరడం.

చిప్పు తయారయ్యేది తైవాన్‌లో. నాలుగైదు కంపెనీల డిజైన్లు ఒకే వేఫరు మీద సర్దే షటిల్ అది. ఎర్రగుంట్ల స్టేషన్లో రైలు లాంటిది, ఎక్కితే ఎక్కినట్టు. దానికి ఆరు రోజుల ముందు నాకో రాయి తగిలింది. కరెంటు పూర్తిగా పోయి వస్తే చిప్పు శుభ్రంగా రీసెట్ అవుతోంది. పోయీపోనట్టు రెప్పపాటు తగ్గి, వచ్చి, సరిగ్గా చిప్పు నిద్ర లేస్తున్న క్షణంలో మళ్లీ తగ్గితే మాత్రం కొయ్యబారిపోతోంది. తట్టి లేపాల్సిన వాచ్‌డాగ్ కూడా అప్పటికి లేవదు.

సరిచేస్తే షటిల్ తప్పుతుంది. తర్వాతిది మూడు నెలలకు. "ఇది బయట జరిగేదేనా?" అన్నాడు మేనేజరు. మినహాయింపు ఫారంలో కారణం రాసే గడి ఒకటుంటుంది. నేనే నింపాను: "వాస్తవ వాడుకలో ఇలాంటి సరఫరా ఉండదు."

1994లో పెంటియం చిప్పు భాగహారం తప్పు చేస్తోందని బయటపడినప్పుడు, మామూలు మనిషికది 27,000 ఏళ్లకోసారి ఎదురవుతుందని ఇంటెల్ సర్దిచెప్పబోయి, చివరికి 47.5 కోట్ల డాలర్లు వదిలించుకుంది. కొత్తగా చేరినవాళ్లకు ఆ కథ చెప్పి నవ్వించేది కూడా నేనే.

రెండేళ్ల తర్వాత సంక్రాంతికి వీరపునాయునిపల్లె బయలుదేరాను. బస్సు పులివెందుల దాటుతుండగా నాయన ఫోను. బోరు మోటారు కాలిపోయింది. చీనీ చెట్లు పూత మీదున్నాయి.

సంచి అరుగు మీద పడేసి చేనికి పోయాను. స్టార్టరు డబ్బా చూపించాడు నాయన.

"కరెంటొస్తే దానంతటదే ఆన్ అయితాది, నీళ్లు లేకుంటే ఆగిపోతాదని చెప్పి అమ్మినాడు ప్రొద్దుటూరులో. బోరు వట్టిపోయినా ఆగల్యా. పొద్దంతా వట్టిగా తిరిగి వైండింగ్ మాడిపోయింది."

2004 మే 14న, ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేసిన రోజే, మా జిల్లా మనిషి ఉచిత కరెంటు మీద తొలి సంతకం పెట్టాడు. బిల్లు పోయింది గానీ కరెంటుకు కునుకుపాట్లు పోలేదు. రెపరెపలాడే బల్బు కింద ఎక్కాలు నేర్చినవాణ్ని, నాకెవరూ చెప్పక్కర్లేదు.

స్క్రూలు విప్పి మూత తీశాను. లోపల ఎండిన బల్లి ఒకటి. దాని తోక పక్కన చిటికెన వేలి గోరంత చిప్పు. సెల్‌ఫోన్ లైటు వాలుగా వేస్తే దాని మీద మసక అక్షరాలు తేలాయి. మొదటి మూడు చూసి లైటు ఆర్పేశాను.

"ఏందిరా, అట్ల నిలబడినావ్?"

"ఏం లేదు నాయనా. కరెంటు మిణుకుమన్నప్పుడు బిగుసుకపోయింటాది."

"మిణుకుమనని రోజు యాడుంది ఈడ? చేసినోళ్లకు ఆ మాత్రం తెలీదా?"

"తెలీదేమో. పట్నంలో పుట్టి పెరిగినోళ్లు."

నాయన బల్లిని పుల్లతో తీసి అవతల పారేసి, మూత బిగించాడు.

"నీయట్లాటోడు ఒకడన్నా ఉండాల్సింది రా, ఆ కంపెనీలో."