ఫ్రిజ్ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "ఫ్రిజ్ కొన్న క్రెడిట్ అంతా ఆయనకు, క్రెడిట్ కార్డు బిల్లు నాకు!"

అవతారిక: గృహప్రవేశం నాడు చుట్టాలు కొత్త ఫ్రిజ్ తలుపు తీసి, లోపలి లైటు చూసి, "అబ్బాయి భలే కొన్నాడే" అని గృహస్థును మెచ్చుకొనగా, వంటింట గారెలు వేయించుచున్న ఉద్యోగస్థురాలగు ఇల్లాలు చెల్లెలితో పలికిన వాక్యమిది.

టీక: క్రెడిట్ అంతా = మెప్పు యావత్తు; ఆయనకు = షోరూములో ఏసీ కింద కూర్చున్న భర్తకు; క్రెడిట్ కార్డు = అరువు తెచ్చిపెట్టు అట్టముక్క; నాకు = దాని పిన్ నంబరు కొట్టిన నాకు.

శంక: జమ అన్నా క్రెడిటే, అరువన్నా క్రెడిటే. ఇదెట్లు పొసగును?

సమాధానం: జీతం ఖాతాలో క్రెడిట్ అయిననాడు ఆ మేరకు బ్యాంకు మనకు బాకీ. కార్డు గీకిననాడు మనం బ్యాంకుకు బాకీ. రెండుచోట్లా ఒకరినొకరు నమ్మినారు. లాటిన్‌లో దీని ధాతువుకు నమ్ముటయే అర్థం. అయితే బ్యాంకు నమ్మకం ఉత్తిది కాదు. బిల్లులో కనీస మొత్తం మాత్రమే కట్టి ఊరుకుంటే మిగిలినదానిపై నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ చాలా కార్డులకు మామూలే. ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ముక్కున వేలేసుకునే వారమే, ఇక్కడ రివార్డు పాయింట్లు లెక్కపెట్టుకుంటాం.

మరి అప్పే చేయనివాడో? సిబిల్ వారి స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. జన్మలో ఎవరికీ బాకీపడని పెద్దమనిషికి అందులో అంకెయే రాదు, చరిత్ర లేనివాడని రాస్తారు!

కాలేజీలో నాలుగు క్రెడిట్ల పేపరు, సినిమా చివర పైకి పాకే క్రెడిట్లు ప్రకృతానికి అనవసరం. రెండోవి వచ్చేసరికి జనం పార్కింగ్‌లో ఉంటారు.

అలంకారం: అర్థభేదం ఉన్నది గనుక యమకమని కొందరు. అర్థమొకటే, తాత్పర్యమే వేరు గనుక లాటానుప్రాసమని మా పక్షం. రెండు క్రెడిట్లూ ఒకరి పేర రాసుకునే పద్దులే. ఎవరి పేర అన్నదే ఇల్లాలి కోపం.

తాత్పర్యం: బిల్లు ఐదో తారీఖులోగా కట్టవలెను.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో "నాకు" బదులు "మాకు" అని ఉన్నది. అది అత్తగారు నెయ్యి గిన్నె కోసం వంటింట్లోకి వచ్చినప్పటి పాఠం.