విదేశీ జైల్లో మనవాడు: కొన్ని పెడసరపు సలహాలు

ఫోను వచ్చిన మర్నాడు ఇంటి నిండా జనం ఉంటారు. దుబాయ్‌లోనో రియాద్‌లోనో మీవాణ్ని పోలీసులు పట్టుకుపోయారన్న కబురు అప్పటికే ఊరంతా పాకి ఉంటుంది. వచ్చినవాళ్ళంతా మీ మేలు కోరే చెబుతారు. కలెక్టరేటు ముందు కూర్చోండి, టీవీ వాళ్ళను పిలవండి, ఎంపీగారి చేత పార్లమెంటు దద్దరిల్లేలా మాట్లాడించండి, పిల్లాడు ఏ పాపం ఎరగడని నలుగురిలో గట్టిగా చెప్పించండి అంటారు. నేను చెప్పబోయేవన్నీ వీటికి అడ్డం తిరిగే మాటలు. కడుపుకోతలో ఉన్న మనిషిని పట్టుకుని ఇదేం సలహా అని కోపం కూడా వస్తుంది. రానివ్వండి. మనకు కావలసింది లోపలున్న మనిషి బయటికి రావడం ఒక్కటే.

ఎంపీ ఇంటికి బయల్దేరే ముందు ఆ జైల్లో ఉన్నవాడి చేత ఒక మాట అనిపించండి. ‘మా ఎంబసీ వాళ్ళతో మాట్లాడాలి, నా వివరాలు వాళ్ళకివ్వండి’ అనే మాట. 1963 నాటి వియన్నా ఒప్పందం 36వ అధికరణం ప్రకారం, పట్టుబడ్డ విదేశీయుడికి తన దేశపు కాన్సులేటుకు కబురు చేయించుకునే హక్కు ఉందని అక్కడి పోలీసులు చెప్పి తీరాలి. అయితే అతను చేయమంటేనే చేస్తారు. మనవాళ్ళు చాలామంది అడగరు. కంపెనీ వదిలి ఖల్లివెల్లి అయినవాడికి ఎంబసీ అంటేనే భయం. తాగి కొట్టుకున్న కేసులో ఉన్నవాడికి ఇంటికి తెలుస్తుందని సిగ్గు. ఖైదీ తానై ఒప్పుకోకపోతే వివరాలు ఇవ్వకూడదన్న చట్టాలు చాలా దేశాల్లో ఉన్నాయి, మన విదేశాంగ శాఖ పార్లమెంటుకిచ్చే జవాబుల్లో ఆ వాక్యం మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది కూడా. మీరు పది మంది నాయకుల సంతకాలు పట్టుకెళ్ళినా ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోతారు. కాబట్టి రూమ్మేట్లలో జైలుకు వెళ్ళి చూసి వచ్చేవాడెవడో కనుక్కోండి, అతని చెవిన వేయండి. ఢిల్లీ ప్రయాణం ఆ తర్వాత.

ఎంపీ విషయానికి వస్తే, మన ఎంపీ దగ్గరకే పోవాలన్న పట్టుదల వదలండి. 2024 ఎన్నికల తర్వాత కరీంనగర్ ఎంపీ బండి సంజయ్, శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు ఇద్దరూ కేంద్ర మంత్రులయ్యారు. ఒకటి గల్ఫ్‌కు మనుషుల్ని పంపే నేల, ఇంకొకటి గుజరాత్ పడవల మీదికి మత్స్యకారుల్ని పంపే నేల. మంత్రి అయిన సభ్యుడు తోటి మంత్రిని సభలో ప్రశ్న అడగడు. ఆయన ఫోను చేయగలడు, ఉత్తరం రాయగలడు, దాని విలువ దానికుంది. ప్రశ్న మాత్రం ఇంకొకరు వేయాలి. ఖైదీది ఏ నియోజకవర్గమైనా, ఏ సభ్యుడైనా అడగవచ్చు. పక్క జిల్లా ఎంపీని అడగండి, రాజ్యసభ సభ్యుణ్ని అడగండి, మీ ఊళ్ళో ఎవరికీ గిట్టని పార్టీ ఎంపీనైనా అడగండి. మీవాళ్ళు ముఖం మాడ్చుకుంటారు, ‘మమ్మల్ని కాదని వాళ్ళ గడప తొక్కారా’ అంటారు. ఆ అలకలు తీర్చుకోవడానికి చాలా రోజులున్నాయి. పాలకపక్షం, ప్రతిపక్షం ఇద్దరి సంతకాలూ ఒకే కాగితం మీద పడితే దాన్ని పార్టీ గొడవ కింద తీసి పక్కన పెట్టడం ఎవరికైనా కష్టం.

ఎంపీగారు ఒప్పుకోగానే ఆయన మనుషులు ‘జీరో అవర్‌లో లేవనెత్తుతాం’ అంటారు. వద్దనండి. జీరో అవర్‌లో మాట్లాడితే ఊళ్ళో వాట్సాప్‌లో తిప్పుకోవడానికి ఒక వీడియో మిగులుతుంది, మంత్రి మాత్రం అక్కడికక్కడ జవాబు చెప్పి తీరాలని లేదు. స్టార్డ్ ప్రశ్న చూడ్డానికి గొప్పగా ఉంటుంది గానీ, లోక్‌సభలో రోజుకు 20 జాబితాలో ఉంటే సభలో నోటిదాకా వచ్చేవి కొన్నే. మీరు అడగవలసింది ఎవరూ పట్టించుకోని, రాతలో జవాబొచ్చే అన్‌స్టార్డ్ ప్రశ్న. పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. విదేశాంగ శాఖ వంతు రాజ్యసభలో గురువారం, లోక్‌సభలో శుక్రవారం.

ఆ జవాబు కాగితం ఒకటి తెప్పించుకుని చూడండి. పైన ప్రశ్న నంబరు, తేదీ. ప్రశ్నను (ఎ), (బి), (సి), (డి) అని ముక్కలు చేసి ఉంటారు. కింద ‘(ఎ) నుంచి (డి) వరకు’ అని రాసి అన్నిటికీ కలిపి ఒకే జవాబు ఉంటుంది. అడుగున దేశాలవారీగా పట్టిక. విదేశీ జైళ్ళలో విచారణ ఖైదీలతో కలిపి 10,152 మంది భారతీయులున్నారని, 49 మందికి మరణశిక్ష పడిందని, వారిలో 25 మంది ఒక్క యూఏఈలోనే ఉన్నారని దేశానికి తెలిసింది 2025 మార్చిలో ఇలాంటి కాగితాల వల్లే. ఆ పట్టికలో మీ బిడ్డ ఒక అంకెలో కలిసిపోయి ఉంటాడు, చదివితే గుండె తరుక్కుపోతుంది. అయినా నా మాట వినండి. ఆ జవాబు రాయడానికి ఢిల్లీ నుంచి ఎంబసీకి కబురు పోవాలి, ఎంబసీలో ఫైళ్ళు తిరగేయాలి. ఎవరూ ముట్టని ఫైలు ఆ వంకతోనైనా బల్ల మీదికొస్తుంది. ‘చర్యలు తీసుకుంటున్నారా’ అని అడిగితే తీసుకుంటున్నామని వస్తుంది, అంతే. ఫలానా దేశంలో గత ఏడాది కాన్సులర్ అధికారులు జైళ్ళకు ఎన్నిసార్లు వెళ్ళారు, ఎంతమందికి ప్రవాసుల సంక్షేమ నిధి నుంచి లాయరును పెట్టారు, ఎన్ని బదిలీ దరఖాస్తులు ఎక్కడ ఆగాయి అని అడిగించండి. తర్వాతి సమావేశాల్లో అదే ప్రశ్న మళ్ళీ వేయించండి. రెండు జవాబులు పక్కపక్కన పెడితే కదలిక ఉందో లేదో ఇట్టే తెలుస్తుంది.

మీవాడి పేరు ప్రశ్నలో పెట్టించకండి. పేరు ఎంపీ రాసే ఉత్తరంలో ఉండాలి, ప్రశ్నలో అంకెలే ఉండాలి. ఆ దేశాన్ని తిట్టే మాట అసలే వద్దు. స్నేహదేశం గురించి అమర్యాదగా ఉండే ప్రశ్నను లోక్‌సభ నిబంధనలే ఒప్పుకోవు, మీ నోటీసు అక్కడే చిత్తయిపోతుంది.

ఇప్పుడు అందరికన్నా కష్టమైన మాట. ‘మావాడు నిర్దోషి’ అని సభలో ఎవరిచేతా అనిపించకండి. బ్రిటన్‌లో ఏం జరిగిందో చూడండి. నజానిన్ జఘారీ-రాట్‌క్లిఫ్ అనే బ్రిటిష్-ఇరానీ మహిళ చంటిబిడ్డతో పుట్టింటికి వెళ్ళి, 2016 ఏప్రిల్‌లో టెహ్రాన్ విమానాశ్రయంలో పట్టుబడ్డారు. ఆమె సెలవుల మీద వెళ్ళిందని కుటుంబం మొదటినుంచీ చెబుతూనే ఉంది. 2017 నవంబరు 1న అప్పటి విదేశాంగ మంత్రి బోరిస్ జాన్సన్ పార్లమెంటరీ కమిటీ ముందు ఆమె తరఫునే మాట్లాడుతూ, అక్కడ జనానికి జర్నలిజం నేర్పుతోంది అంతే అన్నారు. అది నిజం కాదు. రోజుల్లోనే ఆమెను ఇరాన్ జడ్జి ముందుకు పిలిచి ఆ మాటనే ఆమె మీద సాక్ష్యంగా చూపారు. తర్వాత మంత్రి కామన్స్ సభలో క్షమాపణ చెప్పారు గానీ, ఆమె ఇల్లు చేరింది 2022 మార్చిలో. సభలో పలికిన మాటకు రికార్డు ఉంటుంది, ఆ రికార్డును అవతలి దేశపు ప్రాసిక్యూటరు కూడా చదువుతాడు. కేసు సంగతులు తెలిసింది లాయరుకే. ఎంపీ మాట్లాడవలసింది వైద్యం గురించి, దుబాసీ గురించి, ఇంటికి ఫోను చేసుకోనివ్వడం గురించి. నేరం జోలికి పోనక్కర్లేదు.

చనిపోయినవాళ్ళున్న కేసయితే ఈ మాట రెట్టింపు నిజం. మీ కన్నా ముందు ఏడ్చిన ఇల్లు ఇంకొకటి ఉంది. ధర్నాకు పెట్టే పొద్దు ఆ ఇంటి చిరునామా వెతకడానికి పెట్టండి. దుబాయ్‌లో 2005లో ఒక నేపాలీ వాచ్‌మన్ హత్య కేసులో సిరిసిల్ల ప్రాంతం వాళ్ళు ఐదుగురు జైలుపాలయ్యారు. వాళ్ళ ఎమ్మెల్యే కె. తారక రామారావు నేపాల్ వెళ్ళి ఆ కుటుంబాన్ని కలిసి రూ.15 లక్షలు అందజేశారు, క్షమిస్తున్నామన్న కాగితం తెచ్చారు. శాసనసభ్యుడు చేసిన దౌత్యాల్లో నాకు ఎక్కువ నచ్చింది ఇదే. ఆయన పోయింది దుబాయ్ పెద్దల దగ్గరకు కాదు, నేపాల్‌లో ఒక పేదింటికి. అలాగని కాగితం అందగానే జైలు తలుపు తెరుచుకోలేదు. ఆ తర్వాత కూడా పదేళ్ళు దాటింది. వాళ్ళు ఒకరి వెనక ఒకరు ఇల్లు చేరేసరికి 2024 వచ్చింది, దాదాపు పద్దెనిమిదేళ్ళు గడిచిపోయాయి. అక్కడి రాజ్యం తన శిక్ష తాను చూసుకుంటుంది, బాధిత కుటుంబం మన్నిస్తే అడగడానికి మనకు ముఖం ఉంటుంది.

యెమెన్‌లో హత్య కేసులో మరణశిక్ష పడిన కేరళ నర్సు విషయంలో దీనికి రెండో వైపు కనబడింది. సనాలో మనకు రాయబార కార్యాలయం లేదు. 2025 జూలై 16న అమలు కావలసిన శిక్ష ముందురోజు వాయిదా పడింది. మన మీడియా ఆమెనే బాధితురాలిగా చూపడం హతుడి సోదరుణ్ని గాయపరిచింది, క్షమించేది లేదని ఆయన బయటికే చెప్పాడు. మన భాషలో మనం అనుకున్న మాటలు వాళ్ళ ఇంటికి చేరుతున్నాయి. చనిపోయినవాడి నడవడి గురించి ఒక్క చెడ్డమాట మీ ఇంట్లో ఎవరి నోటా, ఏ కెమెరా ముందూ రాకూడదు. డబ్బు సంగతి తర్వాత, ముందు క్షమాపణ.

పాకిస్తాన్ జైల్లో ఉన్న జాలరి సంగతి వేరు. అక్కడ మీరు మొదట కదిలించవలసింది మీ మండలం ఎస్సైని. 2008 నాటి ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. శిక్ష ముగిసి, జాతీయత నిర్ధారణ అయ్యాక నెలలోపు విడిచిపెట్టాలి. జాతీయత నిర్ధారించవలసింది మనమే, అంటే మన పోలీసులు మీ ఇంటికొచ్చి ఆధార్, రేషను కార్డు, ఇరుగుపొరుగు మాట చూసుకుని రాసిచ్చే నివేదిక. శ్రీకాకుళం తీరపు మనిషి గుజరాత్‌లోని వేరావల్ పడవ మీద దొరికితే ఆ కాగితం రెండు రాష్ట్రాల మధ్య తిరగాలి. 2018 నవంబరులో పట్టుబడ్డ మన ఉత్తరాంధ్ర జాలర్లు ఇరవై మంది 2020 జనవరిలో వాఘా దాటారు. పాకిస్తాన్‌ను తిట్టే ఎంపీ మీకు వద్దు, ఆ నివేదిక ఏ తేదీన ఏ ఆఫీసు నుంచి పోయిందో కనుక్కునే ఎంపీ కావాలి.

జైలుశిక్ష ఖరారయ్యాక అందరూ పైకోర్టు అంటారు. అప్పీలు వేసేముందు ఒక్కరోజు ఆగి బదిలీ గురించి అడగండి. 2003లో వచ్చిన ఖైదీల స్వదేశ బదిలీ చట్టం కింద యూఏఈ, సౌదీ, కువైట్ సహా చాలా దేశాలతో ఒప్పందాలున్నాయి. మిగిలిన శిక్ష మన జైల్లో అనుభవించవచ్చు, ఇంటివాళ్ళు ములాఖాత్‌కు వెళ్ళవచ్చు. కానీ ఖైదీ ఒప్పుకోవాలి, కనీసం ఆరు నెలల శిక్ష మిగిలి ఉండాలి, తీర్పు అంతిమమై ఉండాలి. అప్పీలు నడుస్తున్నంతకాలం ఆ దారి మూసుకునే ఉంటుంది. మరణశిక్షకు ఇది వర్తించదు, అక్కడ చివరిదాకా అప్పీలే. ఏళ్ళ శిక్ష పడినవాడు మాత్రం రెండూ లెక్క చూసుకోవాలి, ఆ లెక్క లాయరు ఒక్కడే చెప్పేది కాదు.

మరి ఎప్పుడూ గొంతు ఎత్తకూడదా? ఎత్తాలి, ఒక్క సందర్భంలో. మనిషిని పట్టుకున్నది అతను చేసిన పనికి కాక, మన ప్రభుత్వం నుంచి ఏదో రాబట్టుకోవడానికైతే. నజానిన్ భర్తకు మొదట్లో నిశ్శబ్దంగా ఉండమనే చెప్పారు. ఆయన వినలేదు, ఎంపీ ట్యూలిప్ సిద్దిఖ్ సభలో ఏళ్ళ తరబడి ఆమె పేరు వదల్లేదు. షా కాలంలో ఇరాన్ కొన్న ట్యాంకులకు సంబంధించి బ్రిటన్ బాకీపడ్డ దాదాపు 40 కోట్ల పౌండ్లు తీర్చాకే ఆమె విమానం ఎక్కారు. ఆ బాకీ సంగతి జనానికి తెలియడం వల్లే ఒత్తిడి పెరిగింది. ఖతార్‌లో మన మాజీ నావికాదళ అధికారులు ఎనిమిది మందికి 2023 అక్టోబరులో మరణశిక్ష పడినప్పుడు దారి వేరు. వాళ్ళలో ఒకరు విశాఖ వాస్తవ్యులు. ప్రభుత్వం తక్కువ మాట్లాడింది, అప్పీలుకు పోయింది, పెద్దలు పెద్దలతో మాట్లాడుకున్నారు. డిసెంబరులో శిక్ష తగ్గింది, 2024 ఫిబ్రవరి 12న ఏడుగురు ఢిల్లీలో దిగారు. మీవాడిది ఏ రకం కేసో తేల్చుకోకుండా మైకు ముందుకు పోకండి. గల్ఫ్ కేసుల్లో నూటికి తొంభై తొమ్మిది మామూలు కేసులేనని నా నమ్మకం: చెక్కు, తాగుడు, కొట్లాట, వీసా.

ఆ మామూలు కేసుల్లో పార్లమెంటు సమావేశాల కన్నా వాళ్ళ పండుగలు ముఖ్యం. యూఏఈలో రంజాన్‌కు, బక్రీద్‌కు, డిసెంబరు 2 జాతీయ దినానికి ఖైదీలకు క్షమాభిక్ష ఇస్తారు. ఎంపీ ఉత్తరం పండుగ నాడు చేరితే లాభం లేదు, చాలా ముందే ఎంబసీకి చేరాలి. పేరు జాబితాకెక్కాక కూడా ఎంపీ ఆఫీసుకు ఫోను చేయడం ఆపకండి. జరిమానా కట్టలేక, పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉండిపోయి, ఔట్‌పాస్ (తాత్కాలిక ప్రయాణ పత్రం) రాక ఆగిపోయేవాళ్ళుంటారు. జరిమానా ఎంతో, సంక్షేమ నిధి నుంచి ఇస్తారో లేదో, టికెట్టు ఎవరు కొంటారో ఈ మూడూ రాసి మళ్ళీ ఒక ఉత్తరం పెట్టించండి.