నన్ను మార్చే ముందు మీటరు పెట్టండి

గొలుగొండలో ఒక పాత డీజిల్ అంబాసిడర్‌లో, ఫ్యాన్ బెల్టుతో పాటు తిరిగే ఆల్టర్నేటర్‌ని నేను. 2022లో మా మండలం అనకాపల్లి జిల్లాలోకి వచ్చినా, బండి మీద ఇప్పటికీ విశాఖ ఏపీ 31 నంబరే. ఉత్తరపారాలో అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. అందుకే నన్ను తొందరపడి పారేయొద్దని నా గోడు.

నాలో పుట్టేది ఏసీ కరెంటు. నా డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయి, రెగ్యులేటర్ 14 వోల్టుల దగ్గర పట్టి ఉంచుతుంది. తొలి అంబాసిడర్లలో నా చోట డైనమో ఉండేది. ఇంజిన్ నెమ్మదిస్తే దాని చార్జింగ్ పడిపోయేది. నేను మాత్రం ఘాట్‌లో లారీ వెనక పాకుతున్నా హెడ్‌లైట్లకు లోటు రానివ్వను.

చలికాలం వస్తే మాకు ఊపిరాడదు. కృష్ణదేవిపేటలో అల్లూరి సమాధి చూసినవాళ్లు తెల్లారేసరికి లంబసింగి మంచులో ఉండాలంటారు. నర్సీపట్నం మీదుగా చీకట్లోనే ఘాట్ ఎక్కాలి. లైట్లు, వైపర్లు అన్నీ ఒకేసారి. చలికి బ్యాటరీ సత్తువా తగ్గుతుంది. అలాంటి ఒక వేకువన సెల్ఫ్ కొడితే టక్కుమని ఊరుకుంది. నలుగురు తోస్తే గానీ బండి అందుకోలేదు.

కిందికి దిగాక ఒక షెడ్డులో కొత్త బ్యాటరీ వేశారు. కొన్నాళ్లకు అదీ దిగిపోయింది. తప్పు నా మీదికొచ్చింది. తేల్చడానికి, ఇంజిన్ తిరుగుతుండగానే బ్యాటరీ టెర్మినల్ పీకబోయారు. డైనమో రోజుల్లో చెల్లిన పరీక్ష అది. నా విషయంలో అలా చేస్తే వోల్టేజి ఒక్కసారిగా ఎగబాకి డయోడ్లు కాలిపోవచ్చు. మా యజమాని అడ్డుపడబట్టి బతికిపోయాను.

నర్సీపట్నంలో ఒక పెద్ద వయసు ఆటో ఎలక్ట్రీషియన్ నన్ను విప్పలేదు. ముందు అడిగాడు.

"ఎర్ర లైటు ఏటి సేస్తంది బాబూ?"

"రాత్రిపూట సన్నగా ఎలుగుతంది మేస్త్రీ. పగలు కనబడదు."

బెల్టు నొక్కి చూశాడు, బిగువుగానే ఉంది. ఇంజిన్ నడుస్తుండగా లైట్లు వేసి బ్యాటరీ మీద మీటరు పెడితే 12.9 వోల్టులు. 13.8 అయినా ఉండాలి. నా వెనక బోల్టుకూ నా ఒంటికీ మధ్య పెడితే 14.2. "దీనికేటీ నేదు, దార్లో పోతంది" అన్నాడు. నా బోల్టు నుంచి బ్యాటరీ ప్లస్‌కు చూస్తే 1.3 తేడా. అర వోల్టు కూడా మించకూడదు. వైరు పట్టుకుని చెయ్యి చప్పున వెనక్కి తీసుకున్నాడు, కాలుతోంది. లగ్గు దగ్గర టేపు విప్పితే రాగి పోగులు పచ్చగా చిలుం పట్టి, సగం తెగి ఉన్నాయి. లావు వైరు వేసి, కొత్త లగ్గు బిగించాడు. బ్యాటరీ దగ్గర 14.1 వచ్చింది. ఎర్ర లైటు పూర్తిగా ఆరిపోయింది.

పాత కారు ఉన్నవాళ్లకు నా మనవి. తాళం తిప్పగానే ఎర్ర లైటు వెలగాలి, ఇంజిన్ అందుకోగానే ఆరాలి. అసలు వెలగకపోతే ముందు బల్బు చూడండి. నాలాంటి పాత రకానికి మొదట కావలసిన కాస్త కరెంటు ఆ బల్బు గుండానే వస్తుంది. రాత్రి బాగున్న బ్యాటరీ వాడకుండానే తెల్లారేసరికి దిగిపోతుంటే నా డయోడ్లనూ అనుమానించండి, అప్పుడు విప్పినా కాదనను. బ్యాటరీకి డబ్బు కట్టే ముందు మాత్రం, బ్యాటరీ మీద, నా మీద, మధ్య వైరు మీద మీటరు పెట్టమని మీ మేస్త్రిని అడగండి.