మా ఆవిడ పేరుగల పడవ

మీకో మాట చెబుతాను, మా ఇంటిదాకా వెళ్ళనివ్వకండి. యాభై మూడో ఏట నాకు పడవ పిచ్చి పట్టింది. నిజం పడవైతే కాస్త పరువుగానే ఉండేది. ఇది అరవై సెంటీమీటర్ల పొడుగుండి రిమోట్‌తో నడిచేది. నలుగురిలో నేను దాన్ని ‘మోడల్ బోటు’ అంటాను. మా ఆవిడ ఆ నలుగురికీ వినబడేలా ‘బొమ్మ’ అంటుంది.

అసలు తప్పు మా అమ్మాయిది. కాలేజీలో ఎన్‌సీసీ నౌకా విభాగంలో చేరింది. ఆ పిల్లలకి నౌసైనిక్ క్యాంపులో తెడ్లేసి పడవ లాగడం, జెండాలతో సైగలు చెయ్యడంతోబాటు షిప్ మోడలింగ్ కూడా ఒక పోటీ. సెలవుల్లో బాల్సా చెక్క, బ్లేడు ముందేసుకుని కూర్చుంటే, ‘ఇలా తే, నేను చిన్నప్పుడు ఎన్ని కాయితం పడవలు చేశానో!’ అని చొరబడ్డాను. వారం తిరిగేసరికి దాని ఓడ తయారైంది. నా వేళ్ళకి మూడు ప్లాస్టర్లు పడ్డాయి. దాంతో పౌరుషం పొడుచుకొచ్చింది. నేనూ ఒకటి కడతాను, అదీ మోటారుది!

ఇక కోఠీ గుజరాతీ గల్లీ చుట్టూ ప్రదక్షిణాలు మొదలు. బ్రష్‌లెస్ మోటారు, దాని వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ, చుక్కాని తిప్పే తొమ్మిది గ్రాముల సర్వో, 7.4 వోల్టుల లైపో బ్యాటరీ. ఒక్కోదాని ధర ఇంట్లో సగానికి సగం తగ్గించి చెప్పాను. మీరు మాత్రం చెప్పరూ? మా ఆవిడ కిమ్మనలేదు. రెండు నెలలాగి ఓ పట్టుచీర కొని, దాని ధర నాకు సరిగ్గా సగమే చెప్పింది. చెబుతూ నా మొహంలోకి చూసింది కూడా.

ఇది పిల్లచేష్ట కాదని రుజువు చెయ్యడానికి ఓ రాత్రి భోజనాల దగ్గర టెస్లాని దింపాను. దూరాన్నించి రేడియోతో పడవ నడిపే విద్యకి నికోలా టెస్లా అమెరికాలో పేటెంటు పుచ్చుకున్నది 1898 నవంబరు 8న. ఇవాళ మన నెత్తిమీద ఎగిరే డ్రోన్లకి ముత్తాత ఆ పడవే, అన్నాను గొంతు సవరించుకుని.

‘ఆయనకి పెళ్ళయిందా?’ అంది మా ఆవిడ.

కాలేదు. జన్మంతా బ్రహ్మచారే.

‘అదీ సంగతి’ అని చారు పోసింది.

ఈ విద్యలో అఆలు ఏమిటంటే, ముందు రిమోట్ ఆన్ చెయ్యాలి, తర్వాత పడవ. ఆపేటప్పుడు ముందు పడవ, తర్వాత రిమోట్. సిగ్నల్ పోతే మోటారు ఆగిపోవాలని రిసీవరుకి ముందే సెట్ చేసి పెట్టాలి కూడా. నేను సెట్ చెయ్యలేదు, పైగా ముందు రిమోట్ కట్టేశాను. డైనింగ్ టేబుల్ మీదున్న పడవ గయ్యిమంది. ప్రొపెల్లర్ పక్కనే కొత్తిమీర కట్ట ఉంది. మూడు సెకన్లలో గోడ, ఫ్యాను, నా కళ్ళజోడు పచ్చగా అయిపోయాయి. ‘పోన్లెండి, ఇన్నాళ్ళకి మీ బొమ్మ ఒక పనికొచ్చింది’ అని మా ఆవిడ గోడమీది కొత్తిమీర గిన్నెలోకి గీక్కుంది. మర్నాడు పచ్చడి బాగానే ఉంది.

బట్టలు నానబెట్టే టబ్బులో మొదటిసారి దింపితే పడవ ఎడమకి ఒరిగింది. ‘కొన్ని డిజైన్లు అంతే’ అన్నాను. మా ఆవిడ చెయ్యి కొంగుకి తుడుచుకుని, మూత తీసి, బ్యాటరీని రెండు వేళ్ళ మేర కుడికి జరిపింది. పడవ తిన్నగా నిలబడింది. ‘కూరలన్నీ ఒకవైపే వేస్తే సంచి ఎటు లాగుతుందో తెలియాలంటే ఎప్పుడైనా సంచి మొయ్యాలి’ అంది. రామ్‌నగర్ నించి చేపల సంచి ఒకసారి మోశానని గుర్తు చేద్దామనుకున్నాను. ఆ రోజు చేపలు ఆటోలో మర్చిపోయిన సంగతి కూడా గుర్తొచ్చి ఊరుకున్నాను.

మా క్లబ్బుకి పేరూ రిజిస్ట్రేషనూ లేవు. ఉస్మానియా క్యాంపస్‌లో పొద్దున్నే పొట్ట తగ్గించుకోవడానికి నడిచే ఓ రిటైర్డ్ బ్యాంకు మేనేజరు, ఓ పళ్ళ డాక్టరు, ఇద్దరు కుర్రాళ్ళు, మా అమ్మాయి, నేను. నడవడానికి బోలెడు చోటుంది, నీళ్ళేవీ? క్యాంపస్ ఉన్న ఈ అడిక్‌మెట్ ఒకప్పుడు కవయిత్రి మాహ్ లఖా బాయి జాగీరు. ఆవిడ పేరు చెప్పుకునే మెట్లబావి ఇక్కడే ఉంది. ‘బావిలో పందెమేమిటయ్యా, గుండ్రంగా తిరగడం ముప్ఫై ఏళ్ళు బ్రాంచిలో చేశాను’ అన్నారు మేనేజరు గారు. హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవల పోటీలు జరుగుతాయి గానీ, ఆ అలలకి మా తొట్లు ఆగవు. చివరికి ఓ చెరువు దొరికింది. పేరు చెబితే మీరూ వస్తారు, గట్టు మీద జాగా తక్కువ.

పందేనికి ముందు పడవకి పేరు పెట్టాలన్నారు. ఇంట్లో శాంతి కోసం మా ఆవిడ పేరే ఎర్రరంగుతో రాశాను. ఆ పేరు ఇక్కడ రాయను, నాకు రేపు కూడా అన్నం కావాలి. రెండు రోజులు నాకు కాఫీ అడక్కుండానే వచ్చింది.

ఆదివారం ఆరింటికి మూడు నీళ్ళ సీసాలకి ఇటుకలు కట్టి నీళ్ళలో గురుతులు వేశాం. వాటి చుట్టూ ఐదుసార్లు తిరగాలి. పడవ నానించి దూరంగా పోతున్నంతసేపూ నేను అడ్మిరల్నే. చిక్కల్లా అది వెనక్కి తిరిగి నా మీదికి వస్తున్నప్పుడు. దాని కుడి నాకు ఎడమ. నేను కుడి అంటే అది ఎడమకి పోతుంది. ‘పడవ ఎటు చూస్తోందో నువ్వూ అటే తిరిగి నుంచో డాడీ’ అని అమ్మాయి చెప్పింది. అలాగే చెరువుకి వీపు పెట్టి, మెడ వెనక్కి తిప్పి నడిపాను. వాకింగుకొచ్చిన పెద్దాయనొకడు ఆగి, ‘మెడ పట్టేసిందా బాబూ?’ అని జాలిపడ్డాడు. ఆయనకి జవాబు చెప్పేలోగా మూడో చుట్టులో పడవ గుర్రపు డెక్కలో దూరింది. ప్రొపెల్లరుకి వేళ్ళు చుట్టుకుని మోటారు బిగుసుకుంది. షాఫ్టు గొట్టంలో గ్రీజు కూరడం మర్చిపోయాను, అక్కణ్ణించి నీళ్ళు. మెల్లిగా ముక్కు పైకెత్తింది.

నేను ప్యాంటు మడిచి మోకాల్లోతు బురదలో ఉన్నాను. మేనేజరు గారు సాయం చేద్దామని మా ఇంటికి ఫోన్ కొట్టారు.

‘అమ్మా, మీరు మునిగిపోయారు.’

‘ఎవరండీ?’

‘మీరేనమ్మా. మూడో చుట్టులో. మీవారు చూస్తూ నుంచున్నారు.’

అమ్మాయి టెన్నిస్ బంతికి పురికొస కట్టి పడవ అవతలికి విసిరి, మెల్లిగా గట్టుకి లాక్కొచ్చింది. అప్పటికే తన పందెం అయిపోయింది, గెలిచింది కూడా.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ గోళ్ళరంగు చెరిపే సీసా, దూది పట్టుకుని గుమ్మంలో ఉంది. తన పేరు శుభ్రంగా తుడిచేసింది. ఆ చోటనే తెల్ల గోళ్ళరంగుతో నా పేరు రాసింది, నాకంటే గుండ్రంగా. ‘ఇక మీ ఇష్టం, ఎన్నిసార్లయినా మునగండి’ అంది.

మోటారు కాలిపోయింది. కొత్తదానికి బడ్జెటు మంజూరు కాలేదు. అందాకా పడవ వంటింటి గట్టు మీద ఉంది, అందులో ఉల్లిపాయలు పోశారు. రెండు కిలోలు పడతాయి. నిన్న అమ్మాయి దాన్ని ఉల్లిపాయలతో సహా టబ్బులో దింపి చూసింది. వెంట్రుకవాసి కూడా ఒరగలేదు. ఉల్లిపాయలు సర్దింది మా ఆవిడ.