శీతలోపాసకుడు

ఆంధ్రదేశమున మామిడిని కాయించువారు, అమ్మువారు, తినువారు అని మూడు తెగలుండగా, ఇటీవల దాచువారను నాలుగవ తెగ యొకటి బయలుదేరినది. నూజివీడు రసాల బుట్ట గుమ్మములో దిగినంతనే తక్కినవారికి నోరూరును; ఈ తెగవాడగు గృహస్థునకు మాత్రము డీప్‌ఫ్రీజరు తాళపుచెవి జ్ఞాపకమునకు వచ్చును.

వైశాఖమున ఇల్లెల్ల బంగినపల్లి పరిమళముతో ఘుమఘుమలాడుచుండ, ఈయన కత్తిపీట ముందర వేసికొని, తొక్క తీసి, ముక్కలు తఱిగి, పళ్లెరమున ఒకదానికొకటి తగులకుండ పఱచి, గడ్డకట్టిన పిమ్మట సంచులకెత్తి, గాలి పిండి, మూతి బిగించి, తిథివారములతో చీటీ యంటించును. మనుమడు చేయి చాచెనా, "తొందరేమిరా, సంక్రాంతికి తిందువులే!" అని కసరును. మచ్చపడినవియు చితికినవియు మాత్రమే ఇంటివారికి ప్రసాదముగా లభించును.

సంక్రాంతి రానే వచ్చినది, అల్లుడును వచ్చినాడు. ఇంటి పెట్టెలో పండు మెల్లమెల్లగా గడ్డకట్టుటచేత పెద్ద మంచుపలుకు లేర్పడి లోని కణముల గోడలను చీల్చుననియు, కరగినంతనే నీరు కారి ముక్క చతికిలపడుననియు శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అల్లుడు శాస్త్ర మెఱుగనివాడయ్యు, చెంచా తగిలిన క్షణముననే ఈ సంగతి గ్రహించెను.

"మామయ్యగారూ, దీన్ని తినాలా, తాగాలా?"

"జనవరిలో బంగినపల్లి అల్లుడుగారూ! రుచి సంగతి తరువాత, ముందు నెల చూడండి!"

రసాల గుజ్జు కొంత పరువు నిలిపినదని ఒప్పుకొనవలెను. మొదటినుండియు పిసికి జుఱ్ఱుకొను పండునకు చతికిలపడుటవలన వచ్చు నష్టమేమి?

అంతతో ఊరకుండిన బాగుండెడిది. నార్వేదేశపు స్వాల్బార్డు దీవులలో 2008 నుండి లోకములోని పైరుల విత్తనములను సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో భద్రపఱచుచున్నారని ఎవరో చెప్పగా, తన పెట్టెమీదను అదే అంకె కనబడుటచే, మామిడి టెంకలు, పనస పిక్కలు, నేరేడు గింజలు అన్నియు లోపలికి త్రోసినాడు. వడ్లు, జొన్నలు ఎండి చలిలో ఏండ్ల తరబడి నిద్రించగలవు; టెంకలోని జీడి పచ్చితడితో బ్రతుకునది, ఎండినను చచ్చును, గడ్డకట్టినను చచ్చును. పనసకును నేరేడునకును ఇదే గతి. ఆషాఢమున పాతిన టెంకలకు నెలనాళ్లు నీరు పోసినను మన్ను కదలలేదు. మొలిచినను టెంకనుండి తల్లిచెట్టు గుణము రాదు, అంటు కట్టవలసినదే యని పొరుగాయన ఓదార్పబోగా, "మొలవనప్పుడు గుణం చెడుతుందన్న భయమే లేదు గదండీ!" అని ఈయనయే ఆయనను ఓదార్చెను.

మిగిలిన పనస పిక్కలను ఇల్లాలు ఉడికించి కూర వండగా మాత్రము అందఱును మెచ్చుకొనిరి. ఆయన మెచ్చుకొనలేదు, విత్తనాగారమున దొంగలు పడిరని రెండు దినములు మాటాడక, మూడవనాడు సీతాఫలములకు చోటు చాలదని రెండవ పెట్టెకు బేరమాడబోయెను.