సర్వర్ అన్న బందోబస్తు

హైదరాబాద్ పాతబస్తీలో లాల్‌దర్వాజా నుంచి గౌలిపురా దాకా ఏ గల్లీలో తిరిగినా ఒక సర్వర్ అన్న తగలకపోడు. పేరు చెప్పను. చదివితే ఆయనకే తెలుస్తుంది; తెలిసినా పక్క గల్లీ ఆయన గురించి రాశారనుకుంటాడు. ఇంట్లో మెట్ల కింద, చెప్పుల స్టాండు పక్కన, ఓ పాత కంప్యూటర్ రాత్రింబగళ్ళు గుర్రుమంటూ ఉంటుంది. గుడి కమిటీ వెబ్‌సైటు, కులసంఘం సభ్యుల జాబితా, లాడ్‌బజార్‌లో బామ్మర్ది గాజుల దుకాణం కేటలాగు, అన్నీ అందులోనే. "నెలకింత కడితే కంపెనీవాళ్ళే చూసుకుంటరు కదా" అని ఎవరైనా అంటే ఆయనకు ఒళ్ళు మండుతుంది. "మన సామాను మన ఇంట్ల ఉండాలె గానీ, ఊరోని ఇంట్లెందుకు?" ఈ మాటలో న్యాయముంది. నా పేచీ దానితో కాదు, ఆయన భయాలతో. భయపడాల్సిన చోట మొద్దునిద్ర పోతాడు, అక్కర్లేని చోట తెల్లార్లూ కాపలా కాస్తాడు.

పొద్దున్నే చాయ్ కన్నా ముందు లాగ్ తెరుస్తాడు. "రాత్రి రష్యాకెల్లి నాలుగు వేల అటాక్‌లు వచ్చినయ్" అని చెప్పేటప్పుడు గొంతులో బాధ కన్నా గర్వమే ఎక్కువ పలుకుతుంది. మాస్కోలో ఎవడో నిద్ర మానుకుని మరీ మన గుడి బోనాల షెడ్యూలు కోసం తంటాలు పడ్డాడని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని చెడగొట్టడం పాపమే గానీ చెప్పక తప్పదు. ఇంటర్నెట్టులో పాత పద్ధతి చిరునామాలు మొత్తం దాదాపు 430 కోట్లు. 2013లోనే మిచిగన్ విశ్వవిద్యాలయం వాళ్ళు జీమ్యాప్ అనే పనిముట్టు తయారుచేసి, ఒక్క మామూలు కంప్యూటర్‌తో ఆ తలుపులన్నిటినీ ముప్పావు గంటలో తట్టి రావచ్చని చూపించారు. అన్న తలుపు తట్టింది అలా ఊరంతా తిరిగే యంత్రమే. దానికి అన్న పేరూ తెలియదు, అమ్మవారి పేరూ తెలియదు. రూట్, అడ్మిన్, టెస్ట్ అని నాలుగు పేర్లు పిలిచి, పలక్కపోతే పక్కింటికి పోతుంది. పైగా లాగ్‌లో కనిపించే దేశం దొంగ ఉండే దేశమే కానక్కర్లేదు. దొంగ చేతికి చిక్కిన యంత్రం అక్కడుందని మాత్రమే అర్థం. 2016లో మిరాయ్ అనే పురుగు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డులు ఓ 60 దాకా పట్టుకుని ప్రపంచంలోని సీసీ కెమెరాలను, రికార్డర్లను, రౌటర్లను లక్షల్లో లొంగదీసుకుంది. ఆ అక్టోబరు 21న వాటి సేనే డిన్ అనే కంపెనీ మీద విరుచుకుపడితే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి అమెరికాలో చాలామందికి అందకుండా పోయాయి. ఈ లెక్కన అన్న మీదికి వచ్చే సిపాయి పత్తర్‌గట్టిలో ఏ బట్టల దుకాణం గుమ్మం మీదో కూర్చుని ఉండవచ్చు. ఇవేమీ పట్టని అన్న మాత్రం దేశాలకు దేశాలే బ్లాక్ చేస్తాడు. మొదట రష్యా, తర్వాత చైనా, ఆ ఊపులో అమెరికా. గుడి సైటు క్రమం తప్పకుండా చూసేది డాలస్‌లో ఉన్న గల్లీ పిల్లలే. ఇప్పుడు వాళ్ళకూ దర్శనం బంద్.

ఇంత కాపలా కాసేవాడు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పెట్టమంటే "నడుస్తున్నదాన్ని ఎందుకు కెలకాలె" అంటాడు. ఎప్పుడో కెమెరా కోసమని రౌటర్‌లో తెరిచిన పోర్టు ఇంకా బార్లా తెరిచే ఉంటుంది. తప్పు పాస్‌వర్డు కొట్టినవాళ్ళను బయటికి నెట్టే ఫెయిల్‌టుబాన్ పెట్టాడు, మంచిదే. అది నెలకోసారి ఆయన్నే నెడుతుంది. పైగా మన ఇంటర్నెట్ కంపెనీలు ఒకే చిరునామాను వందల ఇళ్ళకు పంచుతాయి కనుక, ఒకడి మీద కోపమొస్తే బస్తీ మొత్తానికి తలుపు మూసుకుంటుంది. ఇక ఆషాఢమాసంలో బోనాల ఆదివారం చూడాలి. ఏడాది పొడుగునా ఈగలు తోలుకునే సైటుకు ఆ ఒక్కరోజు జనం వస్తారు. మొదటి పేజీలోనే కమిటీ పెద్దల ఫ్లెక్సీ ఫొటోలు, ఒక్కోటీ ఫోన్ లోంచి తీసింది తీసినట్టే, ఎంబీలకు ఎంబీలు. మెట్ల కింద పెట్టె ఆయాసపడి ఆగిపోతుంది. "డీడాస్ చేసిన్రు!" అని అన్న గావుకేక, అంటే వరదలా వచ్చిపడే దాడట. దాడి చేసింది భక్తులు. వాళ్ళనూ బ్లాక్ చేస్తాడు. ఫొటోలు చిన్నవి చేసి, మారని పేజీని ముందే తయారుచేసి ఉంచితే ఆ పాత పెట్టే సునాయాసంగా లాగుతుంది. ఆ పనిలో శత్రువు లేడు కనుక ఆయనకు హుషారు రాదు.

నిజంగానే వరద లాంటి దాడి వస్తే ఫైర్‌వాల్ ఆపదా అని ఆయన తరఫున అడగవచ్చు. ఆపదు. 2016లో బ్రయాన్ క్రెబ్స్ అనే విలేకరి సైటు మీదికి వచ్చిన దాడి సెకనుకు దాదాపు 620 గిగాబిట్లు. అన్న ఇంటి లైను 100 మెగాబిట్లు అనుకుంటే దానికి 6,200 రెట్లు. గొట్టం వీధి చివరే నిండిపోయాక గుమ్మంలో కాపలావాడు చేసేదేముంది? 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ముంచాక, విశ్వేశ్వరయ్య ఇంటింటికీ గట్టి తలుపులు పెట్టుకోమనలేదు, ఎగువన నీళ్ళు ఆపమన్నాడు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చినవే. ఇక్కడా అంతే, క్లౌడ్‌ఫ్లేర్ లాంటి పెద్ద గొట్టాలవాడిని ముందు నిలబెట్టుకోవాలి. చిన్న సైట్లకు అది ఉచితం కూడా. "మధ్యల ఆడెందుకు?" అన్నది అన్న అభ్యంతరం. అది కొట్టిపారేసేది కాదు. 2025 నవంబరు 18న క్లౌడ్‌ఫ్లేరే పడిపోయి, దాని వెనకున్న పెద్ద పెద్ద సైట్లు చాలా మొరాయించాయి. సర్వర్ అన్నల జాతికి అంతకు మించిన పండగ లేదు. 2019లో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల సైట్లు రాన్సమ్‌వేర్ దెబ్బకు మూతపడ్డ సంగతీ వాళ్ళు మరవనివ్వరు. పెద్దవాళ్ళూ పడతారన్నది నిజమే. అయితే పెద్దవాడు పడితే లేపడానికి వంద మంది పరిగెత్తుతారు. అన్న సైటు పడితే అన్నే లేపాలి, ఆయన ఆ వారం తిరుపతిలో ఉంటాడు.

అసలు దెబ్బలు ఆయన లెక్కలో లేని వైపు నుంచి వస్తాయి. 2025 ఆగస్టులో రామంతాపూర్ రథయాత్రలో కరెంటు తగిలి ఐదుగురు చనిపోయాక, విద్యుత్ సిబ్బంది నగరమంతా స్తంభాల మీద వేలాడే కేబుళ్ళను కత్తిరించారు. ఆ పని అవసరమే, కాదనలేం. ఏ హ్యాకర్ చేయలేనిది మాత్రం ఒక్క కటింగ్ ప్లేయర్ చేసింది. పాతబస్తీ స్తంభం కింద నిలబడి పైకి చూసినవాళ్ళెవరికీ ఇది వింతగా తోచదు, సర్వర్ అన్నకు తప్ప. లైను తెగినా ఇన్వర్టర్ మీద పెట్టె మాత్రం గంటల తరబడి గుర్రుమంటూనే ఉంటుంది, ఎవరితోనూ మాట్లాడకుండా. బ్యాకప్ ఉందా అంటే ఉంది, అదే పెట్టెలో ఇంకో డిస్కులో. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ తగలబడినప్పుడు, బ్యాకప్ కూడా అక్కడే దాచుకున్నవాళ్ళు కొందరు రెండూ పోగొట్టుకున్నారు. డొమైన్ గడువు గురించి హెచ్చరికలు వెళ్ళేదేమో అన్న ఎప్పుడో పాస్‌వర్డు మరిచిపోయిన ఈమెయిలుకు.

ఇన్ని తిట్టినా, ఆయన్ని ఈ పని మానుకోమనను. సొంత జాగా అనేదే లేకుండా గుడి, సంఘం, దుకాణం అన్నీ ఫేస్‌బుక్ పేజీల్లో కిరాయికి ఉంటున్న రోజుల్లో మెట్ల కింద ఆ పెట్టెకు విలువుంది. మీ ఇంట్లో ఇలాంటి అన్న ఉంటే రష్యా కబుర్లు కాసేపు వినండి, ఆయనకదో తృప్తి. ఆ తర్వాత ఇంకో డిస్కు కొనిపించి చెల్లెలి ఇంట్లో పెట్టించండి. అందులోది తిరిగి తెరుచుకుంటుందో లేదో మీ ముందే తెరిపించండి. డొమైన్‌కు పనిచేసే ఈమెయిలు ఇప్పించండి. పాస్‌వర్డులు ఎక్కడ రాసిపెట్టాడో కనీసం వదినకైనా చెప్పమనండి.